తుమ్మితే చీర తడుస్తోందా? ముందు ఈ నులక మంచం చూడండి

[హన్మకొండలో ఒక ఇంటి వాకిలి. వేపచెట్టు కింద పాత నులక మంచం. పక్కన ఫిజియోథెరపిస్ట్ నిలబడి మాట్లాడుతుంది.]

నమస్తే అక్కలూ, అమ్మలూ. ఈ మంచం మా పెద్దమ్మది. ఆమె చాలా ఏళ్లు ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తాలు ఏరడానికి వెళ్లింది. సీజన్‌లో ఆ ఘాటుకు తుమ్ములు ఆగవు కదా. ఒకరోజు నన్ను వంటింట్లోకి పిలిచి, గొంతు తగ్గించి అడిగింది. "బిడ్డా, తుమ్మితే చీర తడుస్తాంది. వయసు మీదవడితే గింతేనా?"

ఇంట్లోనే ఫిజియోథెరపిస్ట్‌ను పెట్టుకుని ఐదేళ్లు దాచింది! అందుకే ఈ వీడియో.

[కెమెరా మంచం కిందికి వెళ్తుంది. కింది నుంచి నులక అల్లిక కనబడుతుంది.]

మన నడుము ఎముకల గిన్నెకు అడుగున సరిగ్గా ఇలాంటి అల్లికే ఒకటి ఉంటుంది. ముందు పొత్తికడుపు కింది ఎముక నుంచి వెనక తోకెముక దాకా పరుచుకున్న కండరాలు. డాక్టర్లు పెల్విక్ ఫ్లోర్ అంటారు, మనం అడుగు కండరాలు అందాం. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం మూడూ ఈ మంచం మీదే కూర్చుంటాయి. మూత్రం దారి, కాన్పు దారి, మలం దారి ఈ అల్లిక మధ్య నుంచే బయటికి వస్తాయి. అంటే బరువు మోయడం, దారులు మూసి ఉంచడం రెండూ దీని పనే.

తుమ్మినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి తోస్తుంది. అడుగు గట్టిగా ఉంటే మూత్రనాళం మూసుకునే ఉంటుంది. సడలి ఉంటే రెండు చుక్కలు జారతాయి. పైగా ఆడవాళ్ల మూత్రనాళం సుమారు 4 సెంటీమీటర్లే.

ఎందుకు సడలుతుంది? మొదటి కారణం గర్భం, కాన్పు. సిజేరియన్ అయినవాళ్లు మాకేం కాదనుకోవద్దు, తొమ్మిది నెలల బరువు వాళ్లూ మోసినవాళ్లే. తర్వాత మలబద్ధకంతో ముక్కడం, ఏళ్ల తరబడి దగ్గు, ఒళ్లు బరువు, రోజూ బస్తాలు ఎత్తడం. ముట్లు ఆగాక హార్మోన్ తగ్గడం కూడా.

[మంచం కాళ్ల వైపు తాడును పెద్దమ్మ లాగి బిగిస్తుంది.]

నులక సడలితే మంచాన్ని పారేయం, ఇలా బిగిస్తాం. ఈ కండరాలనూ బిగించుకోవచ్చు. ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికన్ డాక్టర్ 1948లో ఈ వ్యాయామం గురించి రాశాడు. అందుకే కెగెల్ అంటారు.

అసలు చిక్కు ఆ కండరం ఎక్కడుందో తెలియకపోవడమే. ఇలా చూడండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. పెళ్లిలో నలుగురి మధ్య కూర్చున్నారు, గ్యాస్ వచ్చేలా ఉంది. ఎలా ఆపుకుంటారు? ఆ బిగింపును వెనక నుంచి ముందుకు, మూత్రం ఆపుకున్నట్టుగా తీసుకురండి. లోపలికి, పైకి లాగినట్టు ఉండాలి. అదే.

ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకోండి. పొట్ట బిగిసినా, పిర్రలు లేచినా, తొడలు దగ్గరికి వచ్చినా, ఊపిరి ఆగినా తప్పు కండరం పని చేస్తున్నట్టే. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ముక్కినట్టు కిందికి తోస్తారు. అది పూర్తిగా ఉల్టా. ఊపిరి ఆగకుండా ఉండాలంటే బయటికి వినబడేలా లెక్కపెట్టండి.

ఇప్పుడు లెక్క. బిగించి 3 సెకన్లు పట్టండి, తర్వాత అంతే సేపు వదలండి. రోజులు గడిచేకొద్దీ 10 సెకన్ల దాకా పెంచండి. ఒక విడతకు 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు విడతలు. చివర్లో చటుక్కున బిగించి వదిలేవి ఓ పది. తుమ్ముకు పనికొచ్చేది ఈ చటుక్కుదే. తుమ్ము వస్తుందని తెలియగానే ముందు బిగించి, అప్పుడు తుమ్మండి. బిందె ఎత్తేటప్పుడూ అంతే.

మంచంతో పోలిక ఇక్కడిదాకానే. మంచాన్ని బిగించి వదిలేస్తాం, కండరాన్ని మాత్రం ప్రతిసారీ పూర్తిగా సడలించాలి. కొందరికి ఇది ముందే బిగుసుకుపోయి ఉంటుంది. పొత్తికడుపులో నొప్పి, కలయికలో నొప్పి, మూత్రం పోయడానికి కష్టం ఉంటాయి. అలాంటివాళ్లు కెగెల్ మొదలుపెట్టకుండా ముందు చూపించుకోవాలి.

ఇంకోటి, మూత్రం మధ్యలో ఆపి వ్యాయామం చేయొద్దు. అది అలవాటైతే మూత్రం సంచి పూర్తిగా ఖాళీ కాకపోవచ్చు.

చేనుకు పోతే చాటు దొరకదని నీళ్లు తాగడం మానేసేవాళ్లు మన దగ్గర ఎందరో. మూత్రం చిక్కబడితే సంచికి మంట, మలబద్ధకం, మళ్లీ ముక్కడం. నీళ్లు తాగండి. చాయ్ మాత్రం తగ్గించి చూడండి.

[ఫిజియోథెరపిస్ట్ మంచం మీద కూర్చుంటుంది.]

ఒక మాట గట్టిగా చెప్తాను. "మూత్రం జారుతుంది, గర్భసంచి తీసేయించుకో" అని పక్కింటివాళ్లు చెప్తే వినొద్దు. దగ్గితే మూత్రం జారడానికి ఆ ఆపరేషన్ మందు కాదు. కింద గడ్డలా జారినట్టుంటే, మూత్రంలో రక్తం పడితే, మంట, జ్వరం వస్తే, ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనబడితే మాత్రం ఆలస్యం చేయకుండా గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. ఇంటి తాళం తీసేలోపే మూత్రం ఆగనంత తొందర వచ్చేది వేరే రకం. దానికి వేరే చికిత్స కూడా ఉంది.

ఎన్ని రోజులు? కనీసం మూడు నెలలు. తొలి ఏకాదశి నాడు పేలాల పిండి తిని మొదలుపెడితే సద్దుల బతుకమ్మకు దాదాపు అంతవుతుంది. పెద్దమ్మ అలాగే చేసింది. జలుబు బాగా చేస్తే ఇప్పటికీ ఒకటి రెండు చుక్కలు పడతాయట. కానీ ఇంతకుముందు ఒడ్డున నిలబడి పళ్లెం పట్టుకునే మనిషి, పోయినేడు వంగి చప్పట్లు కొడుతూ చివరిదాకా ఆడింది.

[పెద్దమ్మ మంచం మీద పడుకుని మోకాళ్లు మడుస్తుంది. కెమెరా వైపు చెయ్యి ఊపుతుంది.]

పెద్దమ్మ: "ఇగ ఆపు బిడ్డా, నీ మాటలల్ల నా లెక్క తప్పింది."