బంతి కింద పెట్టే చెయ్యి

పెద్దలకు, తల్లిదండ్రులకు నమస్కారం. పరిచయంలో నా గురించి చెప్పింది చాలు, విషయంలోకి వస్తాను.

పన్నెండేళ్లుగా నార్త్ కరోలినాలో హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్‌కు అంపైర్‌గా ఉన్నాను. క్రికెట్ అంపైర్‌లా దూరంగా కాదు, డిఫెన్స్, అంటే అడ్డుకునే జట్టు, ముందు వరస వెనక, ఆ తొక్కిసలాట నడుమే నా చోటు. ఆట ఆగగానే బంతి అందుకుని సరైన చోట పెట్టి పక్కకు తప్పుకోవాలి. నేను తప్పుకునేదాకా స్నాప్ లేదు, అంటే బంతిని వెనక్కి అందించి తర్వాతి ఆట మొదలుపెట్టడం కుదరదు.

వెనకటికి హైస్కూల్లో రెఫరీ సిద్ధమని విజిల్ ఊదాకే స్నాప్‌కు గడువు, 25 సెకన్లు, మొదలయ్యేది. ఒకాయన చకచకా ఊదేవాడు, ఇంకొకాయన నింపాదిగా. ఒకే ఆట, మనిషికో వేగం. అందుకే ఆ గడువు లెక్కపెట్టే ప్లే క్లాక్ 40 సెకన్లకు మారింది. కాలేజీల్లో 2008లో, హైస్కూళ్లలో 2019లో. ఆట ఆగిన క్షణం నుంచే లెక్క. పెనాల్టీ లాంటి వాటి తర్వాత మాత్రం పాత 25. గడువు దాటితే 5 యార్డులు వెనక్కి. బాగుంది. కానీ గడియారం ఎంత మారినా బంతి పెట్టేది మనిషే కదండీ!

ఒక శుక్రవారం రాత్రి. వచ్చిన జట్టు 4 పాయింట్లు వెనక, గడియారం ఆపించే టైమౌట్లు అయిపోయాయి. మ్యాచ్ ముగియడానికి 14 సెకన్లు ఉండగా వాళ్ల కుర్రాడు మైదానం లోపలే పడ్డాడు, ఫస్ట్ డౌన్‌కు కావలసిన యార్డులు రాలేదు. అంటే మ్యాచ్ గడియారం ఆగదు. బంతి ఒకరి మీద ఒకరు పడ్డ ఆటగాళ్ల గుట్ట కిందుంది. తీసి, పెట్టి, తడిగా ఉందని మళ్లీ తుడిచాను. వాళ్లు స్నాప్ చేసేలోపు సున్నా, మ్యాచ్ అయిపోయింది.

ఇంటికెళ్లి వీడియో చూశాను. మొదటి క్వార్టర్లో అలాంటి ఆటలకు 9 సెకన్లు తీసుకున్నాను. ఆ ఆఖరి దానికి 13. ఆ తుడవడం అవసరమేనా? కాదు. ఆ జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ నన్ను ఒక్క మాట అనలేదు. హెల్మెట్ తీసి, నా చేతిలో టవల్ వంక చూసి వెళ్లిపోయాడు.

2014లో కాలేజీ రూల్స్ కమిటీ ఒక ప్రతిపాదన తెచ్చింది: ప్లే క్లాక్ 40 నుంచి తగ్గుతూ 29కి వచ్చేదాకా స్నాప్ చెయ్యకూడదని. వేగంగా ఆడే జట్ల కోచ్‌లు గగ్గోలు పెట్టారు, వెనక్కి తీసుకున్నారు. మంచి పనే చేశారు. కాలేజీ ఆటలో అఫెన్స్, అంటే బంతి చేతిలో ఉన్న జట్టు, ఆటగాళ్లను మార్చితే డిఫెన్స్‌కూ మార్చుకునే వ్యవధి ఇవ్వాలి, అక్కడ అంపైర్ బంతి దగ్గర అడ్డంగా నిలబడేది అందుకే. మార్చనప్పుడు వాళ్లను ఆపే హక్కు మాకు లేదు. వేగం జట్టుది. మేం దాన్ని పెంచకూడదు, తగ్గించకూడదు. మొదటి నిమిషంలో ఎంత సేపో ఆఖరి నిమిషంలోనూ అంతే!

అమ్మా, మీ అబ్బాయి ఆడుతుంటే గ్యాలరీలోంచి "త్వరగా పెట్టు" అని అరుస్తారే, ఆ కేక నా చేతిని కదిలిస్తుంది. నిజం చెబుతున్నాను, కదిలిస్తుంది. దయచేసి అరవకండి. అంతకన్నా మైదానంలోకి రండి. మనవాళ్లు ఈ చారల చొక్కాలో ఎక్కడా కనపడరు. వేసవిలో కొత్తవాళ్లకు శిక్షణ ఉంటుంది. వస్తామనేవాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి, ఆ వీడియో నా ఫోన్లోనే ఉంది, చూపిస్తాను.