నలభై మూడు డ్రమ్ముల పంచనామా

(డిసెంబరు 2, జాతీయ కాలుష్య నియంత్రణ దినం నాడు అనంతపురంలోని ఒక డిగ్రీ కళాశాలలో విశ్రాంత రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ మేడంగారికి, వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. శాలువా తర్వాత కప్పుదురు గానీ, ముందు నేను చేసిన తప్పు వినండి.

1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన గ్యాసు గురించి ఇప్పటిదాకా ముగ్గురు చెప్పారు. ఆ ఫ్యాక్టరీలో మిగిలిపోయిన 337 టన్నుల విషపు చెత్త గురించి ఎవరూ చెప్పలేదు. హైకోర్టు నాలుగు వారాల గడువు పెట్టి గద్దిస్తే, అది కాల్చేయడానికి 12 కంటైనర్లలో ఇండోర్ దగ్గరి పీథంపూర్‌కు బయల్దేరింది. ఎప్పుడనుకున్నారు? 2025 జనవరి 1 రాత్రి!

అంత దూరం ఎందుకు, మన జిల్లాకే వద్దాం. 1996లో ఒక చిన్న ఫ్యాక్టరీ మూతపడింది. బాకీ కింద సామాను జప్తు చేయమని నన్ను పంపారు. వెనక షెడ్డులో డ్రమ్ములున్నాయి. ఒకటి మూత తీయించి చూశాను. పైన పచ్చటి నీళ్లు, అడుగున చిక్కటి మడ్డి. కళ్లు మండాయి. మూత వేయించి, పంచనామాలో ఏం రాశానో తెలుసా? ‘తుప్పు పట్టిన ఇనుప డ్రమ్ములు, 43.’ అంతే. లోపలేముందో ఒక్క ముక్క రాయలేదు.

వేలంలో గుజిరీ వ్యాపారి పాడుకున్నాడు. అతనికి కావలసింది ఇనుమే కదా. గడ్డపారతో ఒక్కో డ్రమ్మునూ పక్కకు ఒరిగించి మడ్డంతా వంకలో పారబోశాడు. ఇసుక పోసి దొర్లించి కడిగాడు. డ్రమ్ములు ఊళ్లోనే అమ్ముడుపోయాయి. నీళ్లకని మా ఇంటికీ ఒకటి వచ్చింది. మా ఎనుము ఒకసారి మూతి పెట్టి, తల తిప్పేసుకుంది. మా ఆవిడ దాన్ని తిట్టింది, నేనూ తిట్టాను.

చట్టం లేదా అంటే, ఉంది. ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు 1989లోనే వచ్చాయి. మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. 2016 నిబంధనల ప్రకారం ఫ్యాక్టరీవాళ్లు ఇలాంటి చెత్తను మామూలుగా 90 రోజులకు మించి పెట్టుకోకూడదు. డ్రమ్ము మీద లోపలేముందో రాయాలి, లారీతో పాటు దాని కాగితం పోవాలి. ఇవన్నీ నడుస్తున్న ఫ్యాక్టరీకి సరే. ఎప్పుడో పారబోసిన చోటికి ఎవరు దిక్కు?

దానికి 2025 జులైలో కొత్త నిబంధనలు వచ్చాయి. పిల్లలూ, ఇది రాసుకోండి. అనుమానం ఉన్న స్థలాల జాబితాను ఆరు నెలలకోసారి ఇవ్వాల్సింది స్థానిక సంస్థ, లేకపోతే జిల్లా యంత్రాంగం. జనం ఫిర్యాదు చేసినా చాలు. తర్వాత కాలుష్య నియంత్రణ మండలి మట్టీ నీళ్లూ పరీక్షిస్తుంది. పాడు చేసినవాడే శుభ్రం చేసే ఖర్చు పెట్టుకోవాలి. వాడు దొరక్కపోతే ప్రభుత్వం పెట్టుకోవాలి. గనుల వ్యర్థాలూ, అణుధార్మిక వ్యర్థాలూ వీటి కిందికి రావు. యురేనియం గని ఉన్న పులివెందుల వైపు నుంచి వచ్చిన పిల్లలు అది వేరే దరఖాస్తని గుర్తుపెట్టుకోండి.

అంటే మొదటి కాగితం పుట్టాల్సింది మళ్లీ మా బోటి గుమాస్తాల దగ్గరే. అదీ నా భయం. ఎవరో ఒకరు మళ్లీ ‘ఇనుప డ్రమ్ములు’ అని రాస్తారు.

మేడం, టైమైందని చీటీ పంపారు, చూశాను. నా దగ్గరా ఒక చీటీ ఉంది. ఆ వంక సర్వే నంబరు, దాని పక్కనున్న మూడు బోర్ల వివరం రాసుకొచ్చాను. ఆ ఊరి పంచాయతీ కార్యదర్శి మూడో వరుసలో ఉన్నారు. బాబూ, లేవద్దు, నేనే వస్తున్నా. తీసుకున్నట్టు సంతకం పెట్టి ఇవ్వాలి.