కాస్త తోడు ఉందా?

శ్రోతలందరికీ నమస్కారం.

మా చిన్నతనంలో మేము విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర వరసిళ్లలో ఉండేవాళ్లం. సాయంత్రం పాలు కాచి చల్లార్చాక, ఇంట్లో తోడు లేదని తెలిస్తే అమ్మ నా చేతికి చిన్న స్టీలు గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. గుమ్మంలో నిలబడి "పిన్నీ, కాస్త తోడు ఉందా?" అని అడిగేదాన్ని. పిన్ని చెంచాడు పెరుగు వేసి ఊరుకునేది కాదు. "మీ అమ్మకి జ్వరం తగ్గిందా? మీ నాన్నకి ఈ వారం నైట్ డ్యూటీయా? ఇవాళ ఏటి కూర?" అని వరసగా అడిగేది. చెంచాడు పెరుగు కోసం వెళ్లిన పిల్ల పావుగంటకి గానీ ఇల్లు చేరేది కాదు. ఆలస్యమైందని అమ్మ కేకలేసేది. కేకలేశాక తనూ అడిగేది: "వాళ్లబ్బాయికి పోర్టులో ఉద్యోగం సంగతి ఏమైందట?"

తర్వాత పెరుగు ప్యాకెట్లలో రావడం మొదలైంది. తోడు అడగాల్సిన పని పోయింది. మా ఇంట్లో ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉండేదీ ప్యాకెట్ పెరుగే, అందుకని నేనెవరినీ తప్పు పట్టలేను. కాకపోతే ఆ పని పోవడంతో, పనిని ఆనుకుని ఉన్న పావుగంట మాటలు కూడా పోయాయి. పోయినట్టు అప్పట్లో ఎవరమూ గమనించలేదు.

సోషల్ మీడియా గురించి మాట్లాడమన్నప్పుడు నాకు మొదట ఈ గిన్నె గుర్తొచ్చింది. ఇప్పుడు కబురు కూడా ప్యాకెట్ పెరుగులాగే వస్తోంది. ఎవరింట్లో పెళ్లి, ఎవరికి జ్వరం, ఎవరి పిల్లాడికి ఏ ర్యాంకు, అన్నీ అడక్కుండానే మన చేతిలోకి వచ్చేస్తున్నాయి. అన్నీ తెలిసిపోతున్నాయి కాబట్టి అడగడం మానేశాం.

మేముండేది ఎంవీపీ కాలనీలో, ఇరవై నాలుగు ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. మా వాట్సాప్ గ్రూపు ఎప్పుడు పుట్టిందో నాకు బాగా గుర్తు. హుద్‌హుద్ తుపాను తర్వాత పుట్టింది. 2014 అక్టోబరు 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల వేగంతో గాలి ఊరి మీద పడింది. ఆ రోజు విశాఖలో ఉన్నవాళ్లకు ఆ హోరు ఇంకా చెవుల్లోనే ఉంటుంది. మర్నాడు తలుపు తీసి చూస్తే మా వీధిలో చెట్టన్నది నిలబడి లేదు. కైలాసగిరి పచ్చదనం పోయి బోడిగా కనిపించింది. కరెంటు లేదు, మోటారు లేదు కాబట్టి నీళ్లు లేవు, ఫోన్లు పలకవు.

ఆ రోజుల్లో నేను మొదటిసారి మా అపార్ట్‌మెంట్ మెట్లన్నీ ఎక్కి దిగాను. నాలుగేళ్లుగా లిఫ్టులో తల ఊపుకోవడమే తప్ప పేరు తెలియని వాళ్ల తలుపులు తట్టాను. ఎవరింట్లో పసిపిల్లలున్నారు, ఎవరికి మందులు అయిపోయాయి, ఎవరి దగ్గర రెండో గ్యాస్ బండ ఉంది అన్నీ అడిగి తెలుసుకున్నదే. పై అంతస్తులో ఒకాయన ఎక్కడినుంచో పాల ప్యాకెట్లు పట్టుకొచ్చి చంటిపిల్లలున్న ఇళ్లకు ముందు ఇచ్చారు. రాత్రిళ్లు మెట్ల మీద కొవ్వొత్తి పెట్టుకుని కూర్చునేవాళ్లం. కరెంటు వచ్చాక, ఈ పరిచయం పోకూడదని మాలో ఒక కుర్రాడు గ్రూపు పెట్టాడు. ఎంత మంచి ఉద్దేశంతో పెట్టాడో చెప్పలేను.

ఆ మరుసటి నెలలోనే, 2014 నవంబరులో, వాట్సాప్‌లో నీలం టిక్కులు వచ్చాయి. అవతలివాళ్లు మన మాట చదివారని రుజువు. 2022లో రియాక్షన్లు వచ్చాయి. ఇక రెండక్షరాలు టైప్ చేయాల్సిన పని కూడా లేదు, మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకుంటే ఒక బొమ్మ పడుతుంది.

మా కింది అంతస్తులో ఒక మామ్మగారున్నారు. ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. నిరుడు వానాకాలంలో బాత్‌రూమ్‌లో జారి పడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది, ఇంటికి తీసుకొచ్చాం అని వాళ్లబ్బాయి గ్రూపులో పెట్టాడు. పది నిమిషాల్లో పందొమ్మిది జవాబులు. దణ్ణం బొమ్మలు, పూలగుత్తులు, "గెట్ వెల్ సూన్ ఆంటీ"లు. నేను కూడా ఒక దణ్ణం బొమ్మ పెట్టి, స్టవ్ మీద పప్పు చూసుకోవడానికి వెళ్లిపోయాను. మెసేజ్ చదివినప్పుడు నాకు నిజంగానే బాధ కలిగింది. బొమ్మ పెట్టాక ఆ బాధ తీరిపోయింది. నన్ను ఇప్పటికీ నిలదీసే సంగతి అదే. ఆ బొమ్మే లేకపోతే ఆ బాధే నన్ను మెట్లు దింపి వాళ్లింటికి తీసుకెళ్లేది.

పన్నెండో రోజున ఏదో మెయింటెనెన్స్ లెక్క కోసం వాళ్లింటికి వెళ్లాల్సి వచ్చింది. హాల్లో మంచం వేశారు. పక్కన వాకర్. మంచానికి ఎదురుగా ఒక వరసలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. చిన్న స్టూలు మీద బోర్లించిన కప్పులు, వాటి పక్కన అయిదారు బిస్కెట్ ప్యాకెట్లు. ఒక్కటీ విప్పలేదు.

"చూడ్డానికి వస్తారు కదమ్మా అని మా అబ్బాయి చేత తెప్పించాను," అన్నారు మామ్మగారు. నా మొహం చూసి మళ్లీ ఆవిడే, "నువ్వు దణ్ణం పెట్టావటగా. మా మనవడు ఫోన్లో చూపించాడులే," అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. నన్ను ఓదారుస్తున్నట్టుగా అన్నారు.

నాకేం మాట్లాడాలో తోచలేదు. "అసలెలా పడ్డారు మామ్మగారూ?" అన్నాను.

ఆ ఒక్క మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు ఆవిడ దిండు మీద కాస్త పైకి జరిగారు. అరగంట చెప్పారు. ఎర్ర బకెట్ ఎక్కడుంది, సబ్బు ఎటు జారింది, ముందు ఏ కాలు పోయింది అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. "కింద పడున్నానా, వంటింట్లో కుక్కర్ కూత వినబడతా ఉంది. ఒకటి, రెండు, మూడు. అయ్యో, నాలుగోది వస్తే పప్పు అడుగంటుతుందే అని దాని గురించే భయపడ్డానమ్మా!" అని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. పందొమ్మిది మందికి ఆవిడ పడ్డారని తెలుసు. ఎలా పడ్డారో ఎవరికీ తెలియదు, ఎందుకంటే మాలో ఎవరమూ అడగలేదు.

మన భాషలో పరామర్శ అని మంచి మాట ఉంది. పరామర్శకు వెళ్లినవాళ్లు చేసేది ఏమీ ఉండదు. కూర్చుంటారు, ఎలా జరిగిందని అడుగుతారు. అవతలి మనిషి వచ్చినవాళ్లందరికీ అదే కథ మొదటినుంచీ చెబుతారు. చిన్నప్పుడు నాకిది విసుగ్గా ఉండేది. చెప్పిందే ఎందుకు చెప్తారు, విన్నదే ఎందుకు వింటారు అనుకునేదాన్ని. చెప్పగా చెప్పగానే ఆ దెబ్బ బరువు తగ్గుతుందని మామ్మగారి మంచం దగ్గర కూర్చున్నాక తెలిసింది.

ఫోను మనుషుల్ని చెడగొట్టిందని ఒక్క మాటలో తేల్చేయడం న్యాయం కాదు. మన ఊళ్లో సగం ఇళ్లలో పిల్లలు ఎక్కడో దూరాన ఉన్నారు. ఇక్కడ రాత్రి భోజనాల వేళకి అక్కడ న్యూజెర్సీలో పొద్దున్న కాఫీ వేళ. వీడియో కాల్లో మనవరాలి బోసినవ్వు చూడకుండా నిద్రపోని అమ్మమ్మలు నాకు తెలుసు. ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు వెళితే రోజుల తరబడి సముద్రం మీదే ఉంటాయి. బోటు తిరిగొస్తూ సిగ్నల్ అందే చోటికి చేరగానే జాలరిపేటలో ఫోన్ మోగుతుంది. ఆ ఇంట్లో ఆ మోతకున్న విలువ మనం లెక్కకట్టలేం. అయితే గమనించండి, ఈ రెండు చోట్లా ఫోను ఒక గొంతును మోస్తోంది. అవతల ఎవరో "తిన్నావా?" అని అడుగుతున్నారు, ఇవతల ఎవరో జవాబు చెబుతున్నారు.

ఒంటరితనం ముసలివాళ్ల సమస్య అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్ 30న ఒక నివేదిక విడుదల చేసింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరిని ఒంటరితనం బాధిస్తోందని, దాని మూలంగా ఏడాదికి 8,71,000 మరణాలు జరుగుతున్నాయని అంచనా వేసింది. అంటే గంటకి దాదాపు 100 మంది. అందులో నన్ను కుదిపేసింది మరో విషయం. ఒంటరిగా ఉన్నామని చెప్పినవాళ్లు పడుచు వయసులో, పదమూడు దాటిన పిల్లల్లో ఎక్కువ. అందరికంటే ఎక్కువమందితో ఆన్‌లైన్లో కలిసి ఉండేది వాళ్లే కదా.

ఇక్కడ ఆ పిల్లల మాట కూడా వినాలి. మా అక్క కూతురు రుషికొండలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. పిన్నీ, మీరు అడగాలి అడగాలి అంటారు గానీ, మీవాళ్లు అడిగే ప్రశ్నలకి భయపడే మేము ఫంక్షన్లకి రావడం మానేశాం అంది. జీతమెంత, పెళ్లెప్పుడు, పెళ్లయితే పిల్లలెప్పుడు, ఏమిటి ఇంత లావయ్యావు. అది నిజమే. ఆ ప్రశ్నలు మనిషిని తూకం వేస్తాయి. నేనూ ఆ ప్రశ్నలు పడ్డదాన్నే, తర్వాత అడిగినదాన్నే. అందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

మామ్మగారిని అడిగిన ప్రశ్న వేరే రకం. దానికి జవాబు నా దగ్గర ముందే సిద్ధంగా లేదు. 2017లో హార్వర్డ్ పరిశోధకులు మనుషుల సంభాషణలను పరిశీలించి ఒక మాట చెప్పారు. ఎక్కువ ప్రశ్నలు అడిగేవాళ్లను, ముఖ్యంగా అవతలివాళ్లు చెప్పినదాన్ని పట్టుకుని దాని మీద తర్వాతి ప్రశ్న వేసేవాళ్లను, జనం ఎక్కువ ఇష్టపడతారట. "రాజమండ్రి వెళ్లొచ్చాం" అంటే "ఓహో, మేమూ పోయినేడు వెళ్లాం" అని మన కథ అందుకోకుండా, "ఎవరింట్లో దిగారు?" అని అడగడమన్నమాట. పూర్ణా మార్కెట్ పిన్నికి ఈ విద్య ఎవరూ నేర్పలేదు.

దగ్గరివాళ్లతోనే అనుకోకండి. కెనడాలో ఇద్దరు పరిశోధకులు ఒక కాఫీ దుకాణం ముందు నిలబడి, వచ్చినవాళ్లలో కొందరిని కౌంటర్లో ఉన్న మనిషితో నవ్వి నాలుగు మాటలు మాట్లాడమన్నారు, కొందరిని గబగబా కొనుక్కుని వచ్చేయమన్నారు. మాట్లాడి వచ్చినవాళ్లకు మనసు తేలిగ్గా ఉంది, ఈ నలుగురిలో నేనూ ఒకదాన్ని అన్న భావం ఎక్కువ కలిగింది. మా రైతుబజారులో ఆకుకూరలమ్మే అప్ప ఒకామె ఉంది. నేను రెండు వారాలు కనబడకపోతే, "ఏటమ్మా, ఒంట్లో బాగులేదా?" అంటుంది. కూరగాయలు యాప్‌లో తెప్పించుకున్న వారం ఇల్లు కదలకుండా అన్నీ వచ్చాయి, ఆ ఒక్క మాట రాలేదు.

సింహాచలం గిరిప్రదక్షిణ రాత్రి చూడండి. ఆషాఢ పౌర్ణమి ముందు 32 కిలోమీటర్లు నడిచే జనం అప్పుఘర్ మీదుగా మా వైపు వస్తారు. మజ్జిగ గ్లాసు అందిస్తూ "ఏ ఊరండీ?" అంటే చాలు, ఆ మనిషి ఒక్క నిమిషం ఆగి ఊరి పేరు చెప్పి, ఎన్నేళ్లుగా వస్తున్నారో కూడా చెప్పి వెళతారు.

ఇంకొక్క సంగతి. పాత స్నేహితులకి ఫోన్ చేయాలంటే చాలామందికి టెన్షన్. ఇన్నేళ్ల తర్వాత ఏం మాట్లాడతాం అని మెసేజ్‌తో సరిపెడతాం. అమెరికాలో ఇద్దరు పరిశోధకులు దీన్ని కూడా పరీక్షించి 2021లో ప్రచురించారు. ఫోన్లో మాట్లాడితే ఇబ్బందిగా ఉంటుందని ముందు అనుకున్నవాళ్లే, మాట్లాడాక రాతకంటే గొంతే ఎక్కువ దగ్గర చేసిందన్నారు. అనుకున్న ఇబ్బంది మాత్రం కనిపించలేదు. రేడియో వినేవాళ్లకి గొంతు బలం గురించి నేను వేరే చెప్పాలా?

మొన్న మార్చిలో మా గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. రెండో అంతస్తులో కొత్తగా అద్దెకు దిగిన అమ్మాయిది. "ఇంట్లోనే పెరుగు చేద్దామనుకుంటున్నాను. ఎవరి దగ్గరైనా తోడు ఉందా?" అని. వేలు ఫోను మీదకి వెళ్లింది. ఆగి, ఫోను టేబుల్ మీద పెట్టేసి, చిన్న గిన్నెలో కాస్త పెరుగు వేసుకుని మెట్లు దిగాను. ఆ అమ్మాయి తలుపు తీసి తెల్లబోయింది. పాలు మరీ వేడిగా ఉన్నాయని చెప్పి, వేలు పెట్టి చూస్తే గోరువెచ్చగా తగలాలని చూపించాను. పలాస నుంచి వచ్చిందట. వాళ్లమ్మకి మోకాళ్ల నొప్పులట, అందుకే ఇక్కడికి రానంటోందట.

రెండు రోజుల తర్వాత బెల్ మోగింది. గుమ్మంలో ఆ అమ్మాయి, చేతిలో నా గిన్నె, గిన్నె నిండా జీడిపప్పు.

"గిన్నె ఖాళీగా ఇవ్వకూడదంట ఆంటీ. మా అమ్మ పంపింది," అంది.

"మోకాళ్లు ఎలా ఉన్నాయి అమ్మకి?" అన్నాను.

వెళ్లిపోబోతున్నదల్లా చెప్పులు విప్పి లోపలికి వచ్చి కూర్చుంది.

సెలవు తీసుకుంటాను. నమస్కారం.