నీళ్లు లేని చెరువు కూడా చెరువే

(ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌కు ఇరవై ఏళ్లు నిండిన సందర్భంగా నల్లగొండలో జరిగిన స్వచ్ఛంద కార్యకర్తల సమావేశంలో ఒక విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ముసురు పట్టినా లెక్కచేయకుండా దేవరకొండ, నకిరేకల్, మిర్యాలగూడ నుంచి బస్సులెక్కి వచ్చిన పిల్లలకు నమస్కారం. అందరినీ పేరుపేరునా తలచుకోవాలని ఉంది కానీ నాకు ఇచ్చిన సమయం ఇరవై నిమిషాలు. దయచేసి శాలువాలు, జ్ఞాపికలు చివరికి ఉంచండి.

మొన్న శుక్రవారం, ఆగస్టు 9తో, జనమే కలిసి గీసుకునే ప్రపంచ పటం ఓపెన్ స్ట్రీట్ మ్యాప్‌కు ఇరవై ఏళ్లు నిండాయి. 2004లో లండన్‌లో స్టీవ్ కోస్ట్ అనే యువకుడు దీన్ని మొదలుపెట్టాడు. అప్పట్లో అక్కడ ప్రభుత్వ సంస్థ తయారుచేసిన పటాల సమాచారం వాడుకోవాలంటే డబ్బు కట్టాల్సి వచ్చేది. జనం సొమ్ముతో కొలిచిన నేల కొలతలను మళ్లీ జనమే కొనుక్కోవాల్సి వచ్చేది. అలాంటప్పుడు మన పటం మనమే గీసుకుందామన్నాడు. జీపీఎస్ పరికరాలు పట్టుకుని, సైకిళ్ల మీద వీధి వీధీ తిరిగి, ఆ జాడలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఒక్కొక్క వీధికి పేరు రాసుకుంటూ వచ్చారు. ఇప్పుడు అందులో ఖాతాలు తెరిచినవాళ్లే కోటి దాటారు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు, ఆ దేశం ముఖం కూడా చూడనివాళ్లు ఉపగ్రహ చిత్రాలు ముందు పెట్టుకుని, పోర్ట్ ఓ ప్రిన్స్ వీధులను కొద్ది రోజుల్లో గీసి సహాయక బృందాల చేతికిచ్చారు. 2015లో నేపాల్‌కూ అలాగే చేశారు.

నన్ను ‘ఇరవై ఏళ్ల ప్రస్థానం’ మీద మాట్లాడమన్నారు. ఆరు పేజీలు రాసుకొచ్చాను. కానీ ఇందాక తెర మీద మన జిల్లా పటాన్ని పెద్దది చేసి చూపిస్తున్నప్పుడు, మునుగోడు వైపు జరపగానే మా ఊరి చెరువు కనిపించింది. దాని మీద తెలుగులో పేరు కూడా కనిపించింది. మీరు దాన్ని రెండు క్షణాల్లో దాటించి ముందుకు వెళ్లిపోయారు. నేను దాటలేకపోయాను. ఈ ఆరు పేజీలను నిర్వాహకులకు ఇచ్చేస్తాను, కావాలంటే అచ్చు వేసుకోవచ్చు. ఇప్పుడు మాత్రం చెరువు గురించే మాట్లాడతాను.

మా నాన్న ఆ చెరువుకు నీరటి. ఈ మాట ఇక్కడున్న పిల్లల్లో ఎందరికి తెలుసు? చేతులెత్తండి. నలుగురు. సంతోషం, నలుగురైనా ఉన్నారు. చెరువు నీళ్లను ఏ మడికి ఎప్పుడు వదలాలో, ఎంతసేపు వదలాలో చూసుకునే మనిషి నీరటి. జీతం లేదు. పంట చేతికొచ్చాక కల్లం దగ్గర ప్రతి రైతూ కొలిచి ఇచ్చే మేరే ఆయన సంపాదన. వానాకాలంలో అర్ధరాత్రి ఉరిమితే మా ఇంట్లో మొదట లేచేది నాన్నే. గొంగడి కప్పుకుని కట్ట మీదికి వెళ్లి, చెరువు నిండితే నీరు పొర్లే మత్తడి ఎంత ఎత్తున దూకుతోందో చూసి, తెల్లవారాక వచ్చేవాడు. చెరువు కింద పద్నాలుగు పిల్లకాలువలు ఉండేవి. పద్నాలుగింటికీ పేర్లు ఉండేవి. ఏ కాలువ ఎవరి పొలం దగ్గర మలుపు తిరుగుతుందో, ఎక్కడ ఎండ్రకాయలు బొరియలు పెడతాయో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. అది ఏ కాగితం మీదా లేదు. ఆయన తలలోనే ఉంది. ఆయన పోయాడు. నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పటాలు గీయడం నేర్పాను. గంగ ఎక్కడ పుట్టిందో, నైలు ఎక్కడ కలుస్తుందో చెప్పాను. మా నాన్న పక్కన కూర్చుని ఆ పద్నాలుగు పేర్లు ఒక కాగితం మీద రాసుకోలేదు. దీనికి నాకు నేను ఏ సమాధానమూ చెప్పుకోలేకపోతున్నాను.

నిరుడు ఎండాకాలంలో మా వీధిలోనే ఉండే ఒక అమ్మాయి, డిగ్రీ రెండో ఏడాది చదువుతోంది, ఫోను పట్టుకుని మా ఇంటికి వచ్చింది. “సార్, మన చెరువు పటంలోంచి పోయింది” అంది. నాకు ముందు అర్థం కాలేదు. అంతకుముందు ఎవరో అక్కడ చెరువని గీశారట. తరువాత వేరే ఖండంలోని ఒక స్వచ్ఛంద కార్యకర్త మన ప్రాంతానికి సాయం చేద్దామని ఉపగ్రహ చిత్రం తెరిచాడు. ఆ చిత్రం మండు వేసవిలో తీసింది. చెరువులో చుక్క నీరు లేదు. నెర్రెలిచ్చిన నేల, అక్కడక్కడ తుమ్మచెట్లు. ఆయన దాన్ని పడావు భూమి అనుకున్నాడు. చెరువును తీసేసి అలాగే రాశాడు. ఆయనది మంచి మనసే. కానీ పైనుంచి చూసేవాడికి నీళ్లు కనిపిస్తేనే చెరువు.

ఈ పటంలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఇందులో చేసిన ప్రతి మార్పుకూ చరిత్ర ఉంటుంది. ఎవరు, ఏ రోజున, ఏది ఎలా మార్చారో పాత రూపాలతో సహా నిలిచి ఉంటుంది. ఆ మార్పు కిందే వాళ్లకు సందేశం రాయవచ్చు. అమ్మాయి రాసింది. కోపంగా రాయలేదు. ‘ఇది మా ఊరి చెరువు, ఎండాకాలంలో ఎండుతుంది, వానలొస్తే నిండుతుంది, దీని కట్ట మీద నేను రోజూ నడుస్తాను’ అని రాసింది. మర్నాటికల్లా జవాబు వచ్చింది. క్షమించమన్నాడు. ఏడాదిలో కొన్ని నెలలే నీళ్లుండే జలాశయాలకు వేరే ట్యాగు, అంటే పటంలో పెట్టే గుర్తింపు మాట, ఉందట, అది పెట్టి సరిచేద్దామన్నాడు. అక్కడితో ఆగలేదు. మన చెరువు కట్ట వంచిన విల్లులా ఉంటుందని గమనించి, మండలమంతా వెతికి, అలాంటి వంపులు ఇరవై మూడు చోట్ల కనిపించాయని, ఇవి కూడా చెరువులేనా, ఒకసారి చూసి చెప్పగలరా అని జాబితా పంపాడు.

మేము వెళ్లాం. నెలన్నర పాటు ప్రతి ఆదివారం పొద్దున ఆ అమ్మాయి, ఆమె తమ్ముడు, నేను. ఇరవై మూడింటిలో పందొమ్మిది నిజంగానే చెరువులు, కుంటలు. మూడు పాత రాతి క్వారీ గుంటలు. మిగిలిన ఆ ఒక్కదాని గురించి తరువాత చెబుతాను.

ముందు మా చెరువు మాట. కట్ట ఒక కొస నుంచి మరో కొస దాకా ఫోనులో జాడ ఎక్కిస్తూ నడిచాం. నడుమ కట్ట మైసమ్మ గుడి, దాని పక్కన వేపచెట్టు. పెద్ద తూము దగ్గర ఆగాం. రెండు నిలువు రాళ్లు, వాటి మీద అడ్డంగా ఒక రాయి, కింద బిరడా బిగించే రంధ్రం. ఎడమ రాయి లోపలి వైపు, మోకాలి ఎత్తులో, ఉలితో కొట్టిన గీత ఒకటుంది. వేలితో తడిమితేనే తెలుస్తుంది, నాచు కమ్మేసింది. అది మా నాన్న గుర్తు. నీరు ఆ గీతకు దిగితే పొలాలకు వదలడం ఆపేయాలి. మిగిలింది పశువులకు, చేపలకు, ఊరి బావుల ఊటకు. ఆ గీత దాటి నీళ్లు వదలమని ఒక పెద్ద రైతు ఎంత ఒత్తిడి తెచ్చినా మా నాన్న వదలలేదు. ఈ కథ చెబుతుంటే అమ్మాయి తన చున్నీ కొసతో నాచు తుడిచి, ఆ గీతను ఫొటో తీసుకుంది. పటంలో అక్కడొక బిందువు పెట్టి తూమని రాసింది. మత్తడిని గీసింది. మైసమ్మ గుడిని పెట్టింది. కాలువలు గీస్తూ “సార్, వీటి పేర్లు?” అని అడిగింది. నాకు గుర్తున్నవి తొమ్మిది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఈ జిల్లాలో చెరువంటే ఒక్క సాగు సంగతే కాదు. మన కింద ఉన్నది గ్రానైటు. వాన నీరు, చెరువు నీరు నేల పైపొరల్లో ఊరినంత కాలం మన బావుల్లో ఫ్లోరైడు తక్కువ. చెరువులు ఎండి, బావులు ఎండి, బోర్లు లోతుకు పోయిన కొద్దీ, రాయితో ఎక్కువ కాలం కలిసి ఉన్న నీరు పైకి వచ్చింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న చోట అంతకు ఎన్నో రెట్లున్న నీటిని తరాల పాటు తాగాం. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు కాళ్లు వంగిన పిల్లలను, నడుము లేవని పెద్దలను మీరంతా చూశారు. మా అమ్మ చివరి పదేళ్లు మెడ తిప్పలేకపోయింది. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూసేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి ఫ్లోరైడును తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దాని పేరే నల్లగొండ పద్ధతి. ఆఫ్రికా దేశాల్లోనూ ఆ పేరుతోనే వాడారు. మన జబ్బు మన ఊరి పేరును ప్రపంచ పుస్తకాల్లోకి ఎక్కించింది. ఆ జబ్బు రాకుండా కాపాడిన కుంటల పేర్లు మాత్రం మన ఊళ్లోనే మిగల్లేదు. అందుకే నాకు ఈ పటం పిల్లల కాలక్షేపంలా కనిపించదు.

ఇప్పుడు ఆ ఇరవై మూడోది. పటంలోని వంపును బట్టి వెళ్లాం. అక్కడ కట్ట సగం తవ్వేసి ఉంది. లోపల రంగు రాళ్లు పాతి, ఎర్రమట్టి రోడ్లు పోసి, ప్లాట్ల వెంచరు వేశారు. పక్క ఊరివాళ్లు అది రేగులకుంట అన్నారు. ఆ ఊరి ఆడవాళ్లు నలుగురు మాతో పాటు కట్ట మీదికి వచ్చి, ఇక్కడే బతుకమ్మలు వేసేవాళ్లమని ఆ చోటును చూపించారు. ఇప్పుడు సిమెంటు తొట్టిలో ట్యాంకరు నీళ్లు నింపి వేస్తున్నారట. మట్టి తోలడం మొదలైనప్పుడే వాళ్లు ఒక కార్యాలయానికి వెళ్లారు. కుంట ఎక్కడుందో చూపించండి అన్నారట. చూపించడానికి ఆ రోజు వాళ్ల చేతిలో ఏమీ లేదు. చెప్పిన మాట తప్ప.

నేను లేనిపోని ఆశ పెట్టడం లేదు. ఈ పటం కోర్టు కాగితం కాదు. పహాణీకి, సర్వే నక్షాకు ఇది బదులు కాదు. కానీ ఫలానా రోజున ఇక్కడ ఒక కట్ట, ఒక తూము, ఒక మత్తడి ఉన్నాయని, వాటిని ఒక మనిషి నడిచి చూసి రాశాడని తేదీతో సహా లోకమంతటికీ కనిపించేలా ఉంటుంది. ఎవరైనా తుడిచేస్తే తుడిచినట్టు కూడా కనిపిస్తుంది. ఆ నలుగురు తల్లుల చేతిలో ఆ రోజు అది ఉండి ఉంటే, కనీసం మాట తడబడకుండా నిలబడి చూపించేవాళ్లు.

పానగల్లులో ఉదయసముద్రం ఉంది. ఒకప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలిన కందూరు చోడుల కాలం నాటి చెరువు. ఇప్పుడు దానిలోకి కృష్ణా నీళ్లు కూడా వస్తున్నాయి. రాజు తవ్వించాడు కాబట్టి, రాతి మీద శాసనం వేయించే శక్తి ఉంది కాబట్టి, వందల ఏళ్లు గడిచినా ఆ పేరు మన నోట్లో ఉంది. కానీ రేగులకుంటకు, తుమ్మలకుంటకు, తండా వెనక ఒర్రెకు శాసనం ఎవరు వేయిస్తారు? పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువులోకి, దాని నీరు ఇంకో కింది కుంటలోకి చేరే గొలుసుకట్టు మనది. గొలుసులో చిన్న లంకెను తెంపేస్తే ఉదయసముద్రం పేరు నిలిచినా ఏం లాభం?

పిల్లలూ, మిమ్మల్ని వేడుకుంటున్నాను. ఇందాక ఒకరు మాట్లాడుతూ మన జిల్లాలో రోడ్లన్నీ దాదాపు అయిపోయాయి, ఇక పని తక్కువే అన్నారు. రోడ్లు ఉపగ్రహ చిత్రంలో కనిపిస్తాయి, ఎక్కడో కూర్చున్నవాడైనా గీయగలడు. పేరు పైనుంచి కనిపించదు. పేరు కోసం మనిషి దగ్గరికే వెళ్లాలి. ఎనభై దాటిన నీరటి ఇంటి అరుగు మీద కూర్చోవాలి. పేరును తెలుగులో రాయండి, దానికి వేరే గడి ఉంది. వినబడినట్టే రాయండి, మీకు తోచినట్టు సంస్కరించకండి. తండాల పేర్లు లంబాడీ పెద్దలు పలికినట్టే రాయండి. వేరే కంపెనీ పటంలో చూసి ఒక్క అక్షరం కూడా దించకండి. అది నియమం కూడా, మర్యాద కూడా. మీరు రాసింది ఎవరైనా వాడుకోవచ్చు. మూలం ఎవరిదో చెప్పాలి, దాని మీద కట్టిన సమాచారాన్ని పంచుకునేటప్పుడు తిరిగి అందరికీ తెరిచి ఉంచాలి. ఇది రాసి పెట్టిన షరతు. చెరువు నీళ్లకూ మన పెద్దలు పెట్టుకున్న షరతు దాదాపు ఇలాంటిదే.

నాకు గుర్తున్నవి తొమ్మిది కాలువలని చెప్పాను కదా. మా ఊళ్లో ఎనభై ఆరేళ్ల పెద్దాయన ఒకరు మంచంలో పడుకునే మరో రెండు చెప్పారు: మొగిలి కాలువ, దొంగమడుగు కాలువ. ఆయన కూడా ఈ వైశాఖంలో పోయారు. పదకొండు పేర్లు పటంలో ఉన్నాయి. మూడు కాలువలకు గీత ఉంది, పేరు లేదు. ఆ ఆయకట్టులో పొలాలు చేసి తరువాత మిర్యాలగూడ వైపు, హైదరాబాదు వైపు వెళ్లిపోయిన కుటుంబాలు ఉన్నాయి. మీలో ఎవరి ఇంట్లోనైనా మునుగోడు వైపు నుంచి వచ్చిన అవ్వ, తాత ఉంటే ఈ రాత్రి అడగండి. మా చెరువు చిన్న తూము కింద, ఎడమ చేతి వైపు మొదటి మూడు కాలువలు.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు గడియారం స్తంభం దగ్గర కలుద్దాం. మునుగోడు వెళ్లే మొదటి బస్సు పట్టుకుంటే ఎనిమిదికల్లా కట్ట మీద ఉంటాం. ఫోను నిండా ఛార్జి పెట్టుకుని రండి. చెప్పులతో కాదు, బూట్లు వేసుకుని రండి, కట్ట మీద తుమ్మముళ్లు ఎక్కువ.