పల్లం ఎరిగిన సైకిల్

అందరికీ నమస్కారం. సైకిల్ గురించి మాట్లాడమన్నారు. గేర్లు, హెల్మెట్లు, గుండె ఆరోగ్యం... అవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. నేను చెరువుల గురించి చెబుతాను.

నీరు పల్లమెరుగు అంటారు కదా. కారులో పోయేవాడికి వనపర్తి వైపు నేలంతా చదునుగానే కనిపిస్తుంది. సైకిలెక్కితే ఎక్కడ ఎత్తో, ఎక్కడ వాలో మోకాళ్లే చెబుతాయి. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండేలా పెద్దలు గొలుసుకట్టు కట్టింది ఈ వాలు చూసుకునే. వనపర్తి సంస్థానం వాళ్లయితే ఏడు పెద్ద చెరువులకు సప్తసముద్రాలని పేరు పెట్టుకున్నారు. వాన కోసం మొహం వాచిన పాలమూరులో సముద్రాలు! ఆశంటే అదీ.

అందులో ఒకటి శ్రీరంగాపురంలోని రంగసముద్రం. ఒడ్డునే రంగనాయకస్వామి గుడి. పొద్దున్నే వెళ్తే నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ కనిపిస్తాయి. అక్కడే నా టైరులో సర్కారు తుమ్మ ముల్లు దిగింది. ట్యూబు విప్పి చెరువు నీళ్లలోనే ముంచి బుడగల కోసం వెతుకుతుంటే ఒక గొర్ల కాపరి వచ్చి పక్కన కూర్చున్నాడు. "కట్ట మీద ముండ్లుంటయ్ సార్, కింద కాలువ ఎంబడి పోవాలె" అన్నాడు. బుడగ కూడా ముందు ఆయనకే కనిపించింది. నా కళ్లద్దాలు బ్యాగులో ఉన్నాయి లెండి.

కొత్తకోట వైపు వెళ్తే సరళాసాగర్ తప్పకుండా చూడండి. 1959 నాటి ప్రాజెక్టు. గేట్లు ఎత్తడానికి మనిషి అక్కర్లేదు. డబ్బాలోంచి కిరసనాయిలు పైపుతో లాగడం చిన్నప్పుడు చూసే ఉంటారు. ఇదీ అంతే, సైఫన్. నీటి మట్టం హద్దు దాటగానే పొర్లే నీళ్లు లోపలి గాలిని ఈడ్చుకుపోతాయి. ఇక ధార దానంతటదే దూకుతుంది. మట్టం తగ్గి లోపలికి గాలి చొరబడితే ఆగిపోతుంది. ఇంత తెలివైన కట్టడం కూడా 2019 డిసెంబర్ 31న గండి పడి ఖాళీ అయింది. తెగింది సైఫన్ కాదు, మట్టికట్ట. తర్వాత మళ్లీ కట్టారు. అక్కడ నిలబడితే నాకు ఇంకో సంగతి గుర్తొస్తుంది. దేశంలో ఎన్నో డ్యాములకు మట్టి మోసింది మన పాలమూరు కూలీలే.

నల్లమల గురించి రెండు ముక్కలు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. శ్రీశైలం రోడ్డు మీద ఉన్నంతవరకు సరే, లోపలి బాటల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా సైకిల్ తిప్పకండి. రాత్రి 9 గంటలకు చెక్‌పోస్టు గేటు మూసేస్తారు. ఆ ఘాట్‌లో పొద్దు వాలాక తొక్కుతూ గేటు కోసం పడే టెన్షన్ నాకు తెలుసు.

వచ్చే ఆదివారం శ్రీరంగాపురం వెళ్దామనుకుంటున్నాం. తలా రెండు ట్యూబులు తెచ్చుకోండి. నేను కళ్లద్దాలు తెచ్చుకుంటాను.