ఆఖరి బంతిని కూడా ఎస్టిమేట్‌లో రాద్దాం

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకి, ముందు వరసలో కూర్చున్న వంట మేస్త్రులకి, కల్యాణ మండపాల యజమానులకి, షామియానా వాళ్ళకి, గిన్నెలు అద్దెకిచ్చే అన్నలకి, డెకరేషన్ వాళ్ళకి, వెనక గోడ దగ్గర నిలబడ్డ వడ్డన కుర్రాళ్ళకి, అందరికీ. మన కోనసీమలో మైకు పట్టుకున్నవాడు పేరుపేరునా పలకరించాలి, మా నాన్న అయితే ఈపాటికి ఊళ్ళ పేర్లు కూడా చదివేవారు, కానీ నా తర్వాత ఇంకా మాట్లాడేవాళ్ళు ఉన్నారు కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

నన్ను మాఘమాసం పెళ్ళిళ్ళకి, రిసెప్షన్లకి, పండగ భోజనాలకి కొత్త మెనూ ఐడియాలు చెప్పమన్నారు. చెప్తాను. మొదటి ఐడియా ఏంటంటే ఐటమ్స్ తగ్గించండి. అవునండీ, తగ్గించండి. ఇప్పుడు రిసెప్షన్ అంటే నలభై, యాభై ఐటమ్స్ రాయించుకుంటున్నారు. అయిదొందల మందికి నాలుగు కూరలు పెడితే ఏ కూర ఎవరికి నచ్చుతుందో మనకి ముందు తెలీదు, అందుకని ప్రతి కూరా కనీసం మూడొందల యాభై మందికి సరిపడా వండుతాం. అంటే తినేది అయిదొందల మంది, వండిన కూర పద్నాలుగొందల వడ్డనలు. ఇది ఎవరి తప్పూ కాదు, లెక్కే అంత. ఐటమ్ పెరిగిన కొద్దీ మిగిలేది పెరుగుతుంది. పైగా వేడి పదార్థం అరవై డిగ్రీల పైన ఉంచకపోతే పాడవడం మొదలవుతుంది. ఇన్ని ఐటమ్స్‌కి అన్ని బర్నర్లు ఎక్కడ పెడతాం? సగం గిన్నెలు గోరువెచ్చగా ఉంటాయి. వచ్చినవాళ్ళు అన్నీ కొంచెం కొంచెం వేసుకుని, ఏదీ సరిగ్గా తినకుండా ప్లేటు టబ్బులో పడేసి వెళ్ళిపోతారు.

సీజన్‌ని బట్టి రాయించండి. మాఘంలో వంకాయ, చిక్కుడు, కంద, అరటి మంచి రుచిగా ఉంటాయి. గుత్తి వంకాయ ఒకటి, కంద బచ్చలి ఒకటి, గుమ్మడికాయ దప్పళం, ముద్దపప్పు, పులిహోర, పూర్ణం బూరెలు, గడ్డ పెరుగు. ఫాల్గుణం వచ్చేసరికి లేత పనస దొరుకుతుంది, ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఒక్కటి చేస్తే మూడు పనీర్ కూరలు అక్కర్లేదు. వైశాఖంలో మామిడికాయ పప్పు, మామిడికాయ పులిహోర. వానాకాలం ముహూర్తాలకి అప్పడాలు ముందే వేయించి పెట్టకండి, మెత్తబడిపోతాయి, బంతి బంతికీ వేయించండి. కార్తీక వనభోజనాలకి ఉల్లి, వెల్లుల్లి లేకుండా చేస్తాం కదా, ఉసిరి చెట్టు కిందికి మోసుకెళ్ళే భోజనం అది, కొబ్బరి పచ్చడి పొద్దున్నే రుబ్బి పట్టుకెళ్తే మధ్యాహ్నానికి వాసన వస్తుంది, దాని బదులు అల్లం పచ్చడి, చింతపండు పులిహోర పట్టుకెళ్ళండి. దద్ధోజనంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ కలిపితే తినే వేళకి సరిగ్గా ఉంటుంది.

బియ్యం గురించి ఒక్క మాట. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, సాంబ మసూరి అంటాం, ఇప్పటికీ పెళ్ళిభోజనానికి నేను దాన్నే అడుగుతాను, కానీ పాతబియ్యం కావాలి. సంక్రాంతికి కొత్తబియ్యం పరమాన్నానికి బాగుంటుంది, పొంగలికి బాగుంటుంది, మాఘంలో పెళ్ళికి గుండిగలో వేస్తే ముద్ద కడుతుంది. కిలో బియ్యం ఏడెనిమిది మందికి, కిలో కందిపప్పు పాతికమందికి, పెరుగు మనిషికి వంద మిల్లీలీటర్లు. బంతి భోజనానికి ఇది నమ్మకమైన లెక్క.

వరంగల్ వైపు ఒక పెళ్ళికి వెళ్ళాను. బగారా అన్నం, మటన్ కూర, తెల్లన్నం, పచ్చిపులుసు, పెరుగు, ఒక స్వీటు. అంతే. కూర్చోబెట్టి వడ్డించారు. అది లేదు, ఇది లేదు అని ఒక్కరు కూడా అనలేదు, ఆకుల్లో మిగిలింది కూడా చాలా తక్కువ.

ఇప్పుడు నేను అసలు మాట్లాడాలనుకున్న దానికి వస్తాను, ఇందాకటి నుంచీ మనసంతా దాని మీదే ఉంది. మన మెనూలో ఎప్పుడూ రాయనిది ఆఖరి బంతి, అంటే అందరూ తిన్నాక పనివాళ్ళు కూర్చునే వరస. మేళం వాళ్ళు, ఫొటోగ్రాఫర్ కుర్రాళ్ళు, కార్ల డ్రైవర్లు, లైటింగ్ వాళ్ళు, గిన్నెలు తోమే ఆడవాళ్ళు, ఆకులు ఎత్తేవాళ్ళు, మన వంటవాళ్ళు, మన వడ్డన పిల్లలు. వీళ్ళు ఏం తింటున్నారు, ఎప్పుడు తింటున్నారు?

బంతి భోజనాల రోజుల్లో పెళ్ళివాళ్ళు తిన్నాక ఒక బంతి వేసేవారు. బఫే వచ్చాక ప్లేటు లెక్క వచ్చింది. వాడిన ప్లేట్లు లెక్కబెట్టి బిల్లు కడతారు, అందుకని ప్లేట్ల దొంతర పక్కన పెళ్ళివారి మనిషి ఒకడు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. డ్రైవర్ ప్లేటు తీస్తే "ఆగు" అంటాడు. ఆ మనిషి చెడ్డవాడని కాదు. ప్లేటు తీసిన ప్రతివాడూ వాళ్ళకి బిల్లే కాబట్టి, అలా అనక తప్పని పద్ధతి మనమే పెట్టాం.

మా నాన్న మేస్త్రిగా ఉన్నప్పటి సంగతి. ఊరు పేరు, ఇంటి పేరు చెప్పను. అర్ధరాత్రి దాటాక ముహూర్తం. సాయంత్రం ఎదురుకోళ్ళ దగ్గర్నించి మేళం వాయిస్తూనే ఉన్నారు, డోలు ఆయన బాగా పెద్దాయన, తాళం వేయడానికి మనవణ్ణి తీసుకొచ్చుకున్నారు, పదేళ్ళ పిల్లాడు. తొమ్మిదింటికి ఆ పిల్లాడు ప్లేటు తీసుకోబోతే "ఇవి పెళ్ళివారివి, మీకు తర్వాత" అన్నారు. పదకొండింటికి బఫే తీసేశారు. తలంబ్రాలు అయ్యాక మేళం వాళ్ళు డైనింగ్ హాలుకి వస్తే లైట్లు ఆపేసి తాళం వేసి ఉంది. ఆ పెద్దాయన ఏమీ అడగలేదండీ, మనవణ్ణి తీసుకుని కుళాయి దగ్గరికెళ్ళి మంచినీళ్ళు తాగారు. మా నాన్న గాడిపొయ్యి దగ్గర్నించి చూశారు. "బాబాయ్ గారూ, ఇటు రండి" అని పిలిచి, పొయ్యి పక్కనే చాప వేయించి, ఆ వేళప్పుడు కిలోన్నర బియ్యం ఎసట్లో పోశారు. పప్పు పక్కన దాచి ఉంచింది ఉంది, ఆవకాయ ఉంది, నెయ్యి కరగబెట్టారు. మేళం మొత్తాన్ని కూర్చోబెట్టి తనే వడ్డించారు. పెళ్ళివారి మనిషి వచ్చి "ఇది ఎవరి లెక్కలో?" అని అడిగాడు. "నా లెక్కలో" అన్నారు మా నాన్న. చివర్లో డబ్బులిచ్చేటప్పుడు పెళ్ళివారు నిజంగానే ఆ బియ్యం, పప్పు, నెయ్యి ఖరీదు తగ్గించి ఇచ్చారు. మా నాన్న మారు మాట్లాడకుండా తీసుకున్నారు. నేను అక్కడే ఉన్నాను, నాకు ఆ కోపం ఇవాళ్టికీ తగ్గలేదు.

వెనక నిలబడ్డ తమ్ముళ్ళని అడుగుతున్నాను, మొన్న కార్తీకంలో అన్ని వనభోజనాలు వడ్డించారు, మీలో ఎంతమంది వేడన్నం తిన్నారు? చేతులెత్తండి. చూడండి, ముందు వరస వాళ్ళు ఒక్కసారి వెనక్కి తిరిగి చూడండి. నేను లెక్క చెప్పను, మీకే కనబడుతోంది.

ఇది డొక్కా సీతమ్మగారి సీమ అని ప్రతి మీటింగ్‌లోనూ చెప్పుకుంటాం. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరానికి కోడలిగా వచ్చి, 1909లో పోయేదాకా వేళ చూడకుండా, మనిషిని చూడకుండా అన్నం పెట్టిన తల్లి. గోదావరి పాయ వైనతేయ మీద కాలవని దాటించే అక్విడక్టుకి ఆవిడ పేరు పెట్టారు, 2024లో బడి పిల్లల మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే పెట్టారు. మన వ్యాన్ల మీద ఆవిడ ఫొటో వేసుకుంటున్నాం. ఫొటో వేసుకున్న వ్యాన్ ఎక్కి వచ్చిన కుర్రాడు ఖాళీ కడుపుతో ఇంటికెళ్ళకూడదు, మేస్త్రులారా, నేను చేతులు జోడించి అడుగుతున్నాను.

ఖర్చంటారా? అయిదొందల మంది పెళ్ళికి పనివాళ్ళు నలభై మంది ఉంటారు అనుకోండి. అయిదు కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, ఒక కూర, నాలుగు లీటర్ల పెరుగు, పచ్చడి, మనిషికో స్వీటు. ఒక చాట్ కౌంటర్ మానేయమని పెళ్ళివారికి చెప్పండి, ఇది వచ్చేస్తుంది. నేను చాలామందికి చెప్పాను, సరిగ్గా చెబితే పెళ్ళికూతురి తల్లిదండ్రులు కాదనరు, ఇంట్లో శుభకార్యం జరుగుతుంటే ఒకరు ఆకలితో ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు. మనం అడగం, వాళ్ళకి తట్టదు, మధ్యలో కుర్రాళ్ళు పస్తుంటారు.

అందుకని ఎస్టిమేట్ పుస్తకంలో స్వీట్ల కింద ఒక లైను అచ్చు వేయించండి: ఆఖరి బంతి, ఇంతమంది, ఇన్ని గంటలకి. ప్లేటు లెక్కలో కలపకుండా విడిగా. అడ్వాన్సు తీసుకునే రోజే ఆ లైను మీద సంతకం పెట్టించుకోండి, పెళ్ళిరోజు హడావిడిలో మళ్ళీ మాట్లాడుకోవలసిన పని ఉండదు. మిగిలింది సర్దడం కాదు, వాళ్ళకని విడిగా గుండిగ పెట్టి వండాలి. మేళం వాళ్ళకి, రాత్రి ముహూర్తం అయితే, వాయిద్యం మొదలుకాకముందే ఒక టిఫిన్ పెట్టాలి. హాళ్ళ యజమానులు, మీ దగ్గర్నించి నేను అడిగేది ఒక్కటే, పెళ్ళివాళ్ళు వెళ్ళాక డైనింగ్ హాల్లో ఇంకో గంట లైట్లు, నీళ్ళు ఉంచండి, ఆ గంటకి అద్దె వేయకండి.

అధ్యక్షులవారు టైము అయిందని చెయ్యి చూపిస్తున్నారు. ఎస్టిమేట్ పుస్తకాలు తెచ్చుకున్నవాళ్ళు భోజనాల దగ్గర నాకు చూపించండి, ఆ లైను ఎక్కడ పడుతుందో కూర్చుని రాసుకుందాం.