నిమ్మగడ్డి మీద జాలి వద్దు

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరి పేర్లూ చెప్పి మొదలుపెట్టడం మర్యాదే. కానీ ఈ బకెట్లో తడిగుడ్డ చుట్టి తెచ్చిన పిలకలు నలభై దాకా ఉన్నాయి. నేను సాగదీసేకొద్దీ అవి వాడిపోతాయి. పెద్దలు మన్నించాలి.

'నిమ్మగడ్డి పెంపకం, సంరక్షణ' గురించి మాట్లాడమన్నారు. పెంపకానికి రెండు నిమిషాలు చాలు. రోజుకి కనీసం ఆరు గంటలు ఎండ తగలాలి. నీళ్లు కావాలి, నిలవకూడదు. కుండీ అడుగు వెడల్పుకి తగ్గకూడదు. నేలలో అయితే మొక్కకీ మొక్కకీ మధ్య రెండడుగులు వదలండి. ఆకు కోసం పెంచే గడ్డి కాబట్టి నత్రజని అందాలి, నెలకోసారి గుప్పెడు వర్మికంపోస్టు వేయండి. పెంపకం అయిపోయింది.

సంరక్షణ దగ్గరే నా గోడు ఉంది. నాలుగేళ్లు సంరక్షించి సంరక్షించి, నేను దాన్ని చంపినంత పని చేశాను.

మొదటి పిలక ఏడాది తిరిగేసరికి నడుమెత్తు పెరిగింది. ఇంటికొచ్చిన వాళ్లందరినీ మేడెక్కించి చూపించేవాణ్ణి. టీలోకి కావాలంటే మాత్రం ఒకే ఒక్క ఆకు, అదీ ఓ పక్క నుంచి, దానికి తెలియకుండా తుంచేవాణ్ణి. నవ్వుతున్నారు గానీ, మీలో ఎంతమంది చేతులు అలాంటివో నాకు తెలుసు! నాలుగో ఏడు ఆకు సన్నబడింది, కొసలు ఎండాయి, తుప్పు రంగు మచ్చలు వచ్చాయి. టెన్షన్ పడి ఇంకాస్త ఎరువు, ఇంకాస్త నీళ్లు పోశాను. కుండీ నిలువునా పగిలింది.

పక్కింటి పిన్నిగారు ఓ రోజు గుప్పెడు ఆకు కోసం వచ్చి, దుబ్బు మధ్యలోకి చెయ్యి పెట్టారు. తీసి చూపిస్తే చేతి నిండా ఎండు గడ్డి. "పైన పచ్చగా ఉందని మురిసిపోతున్నావు, లోపల ప్రాణం ఏదిరా?" అన్నారు. గడ్డపార తెమ్మన్నారు. మొక్కకి గడ్డపారేమిటని నేను నసుగుతుంటే, ఆవిడే వెళ్లి తెచ్చారు.

పగిలిన కుండీ విప్పితే లోపల మట్టే లేదు, అంతా వేళ్లే. చాప నేసినట్టు అల్లుకుపోయాయి. అటు రెండు పోట్లు, ఇటు రెండు పోట్లు పొడిచి దుబ్బుని నాలుగు ముక్కలు చేశారు. నడిమి భాగం అవతల పారేశారు. అంచుల్లోని పిలకలు ఒక్కొక్కటే లాగి, ఆకు జానెడు ఉంచి కత్తిరించారు, వేళ్లు కూడా కురచ చేశారు. నాకు కడుపు తరుక్కుపోయింది. పది రోజులకి ఆ మోడుల మధ్య నుంచి సూదుల్లా పచ్చటి మొవ్వలు లేచాయి.

ఈ గడ్డి పిలకలు బయటికి వేసుకుంటూ పోతుంది. పాతవి మధ్యలో ఇరుక్కుపోతాయి, వాటికి ఎండా అందదు, తిండీ అందదు. అందుకే మూడేళ్లకోసారి తవ్వి విడదీయాలి. మధ్యమధ్య ఆకు కోస్తూనే ఉండాలి. నేల నుంచి 10-15 సెంటీమీటర్లు వదిలి, దుబ్బంతా ఒకేసారి కోసేయండి, మళ్లీ లేస్తుంది. కోసేటప్పుడు పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. ఇదిగో ఈ వేలి మీది గీత, కత్తి చేసింది కాదు, ఆకు చేసిందే.

ఎవరో చెయ్యెత్తారు. ఈ మొక్క పెడితే దోమలు పోతాయా అనేగా? ఎక్కడికెళ్లినా ఈ ప్రశ్న తప్పదు. దోమల కోసం అమ్మే నూనె ఎక్కువగా సిట్రొనెల్లా గడ్డిది. అది దీనికి దాయాది, ఇది కాదు. మన నిమ్మగడ్డికి ఆ నిమ్మ వాసన ఇచ్చేది సిట్రాల్. పైగా నూనె ఆకు లోపల ఉంటుంది, నలిపితేనే బయటికొస్తుంది. ఊరికే కుండీలో నిలబడ్డ మొక్క దోమని ఏం చేస్తుంది? నేనూ నమ్మి కిటికీ పక్కన పెట్టాను. కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలిచాయి, వారంలో అందులో దోమ పిల్లలు గిలగిలా ఈదుతున్నాయి. దోమలు పోవాలని గడ్డి పెంచి, గడ్డి కింద దోమల్ని పెంచాను! దయచేసి ఇంటికెళ్లగానే పళ్లేలు బోర్లించండి.

ఎక్కడున్నాను... ఆ, పిలకలు. వంటకి వాడే ఈ రకం పూయడమే అరుదు, విత్తనాల కోసం వెతక్కండి. బజారులో కాడ దొరికినా చాలు, అడుగున గట్టి మొదలు తెగకుండా ఉంటే రెండంగుళాల నీళ్లలో నిలబెట్టండి. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. నీళ్లు మాత్రం మారుస్తుండాలి.

ఇక రండి. మనిషికి ఒక్కటే. రెండంగుళాల లోతులో నాటి, వారం పాటు నీడలో ఉంచండి. పాత ఆకు ఎండిపోయిందని నాలుగో రోజే నాకు ఫోన్ చేయకండి, మధ్యలో మొవ్వ చూడండి. వెనక వరుసవాళ్లు ముందు రండి. తోసుకోవద్దు, ఆకు కోస్తుంది.